అద్దె ఇంట్లో వదిలి వెళ్లిన ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ ఎవరివి? తేల్చుకోవడం ఎలా

నేను కిందటిసారి అద్దెకు దిగిన ఇంట్లో, వెనక బాల్కనీలో ఒక వాషింగ్ మెషీన్ ఉంది. మూత మీద సబ్బు మరకలు, పైనంతా దుమ్ము, నీళ్ల పైపు ఇంకా కుళాయికే తగిలించి ఉంది. "మీకు ముందున్నవాళ్లు వదిలేసి వెళ్లారండీ, వాడుకోండి" అన్నారు ఓనరు గారు. శుభ్రంగా తుడిచి వాడుకోవడం మొదలుపెట్టాను. ఐదు నెలలు తిరిగేసరికి మోటారు కాలిపోయింది. బాగు చేయించాలా, మానాలా అని ఆలోచిస్తుండగానే పాతాయన ఫోన్ చేశారు. "మా మెషీన్ తీసుకెళ్లడానికి ఎప్పుడు రమ్మంటారండీ?"

ఆయన దాన్ని వదిలేసి వెళ్లలేదు. వేరే ఇల్లు కుదిరేదాకా ఉంచమని ఓనరు గారికి చెప్పి వెళ్లారు. ఓనరు గారు ఆ మాట మర్చిపోయారు. ముగ్గురిలో ఎవరూ అబద్ధం చెప్పలేదు, ఎవరికీ దురాశ లేదు. ఒక్క ముక్క కూడా రాసిపెట్టుకోలేదు, అంతే. మోటారు ఖర్చు నేనే పెట్టుకున్నాను. ఆయన మొహం చూడలేక పడ్డ ఇబ్బంది మాత్రం డబ్బుతో పోలేదు.

అప్పటినుంచి ఇల్లు మారే ఎవరు కనిపించినా ఇదే చెబుతున్నాను. ఈ వ్యాసం ముగ్గురికీ పనికొస్తుంది. ఇల్లు అద్దెకిచ్చి, ఖాళీ అయ్యాక లోపల మిగిలిన సామాను చూసి తల పట్టుకునే ఓనర్లకు, కొత్తగా దిగి "ఇది వాడొచ్చా" అని సందేహపడేవాళ్లకు, వస్తువు అక్కడే వదిలి వెళ్లక తప్పనివాళ్లకు. ఎక్కువ భాగం ఓనర్లను ఉద్దేశించి రాస్తున్నాను, ఎందుకంటే తాళం ఉండేది వాళ్ల చేతిలోనే.

వదిలి వెళ్లడం వేరు, వదులుకోవడం వేరు

అన్నిటికీ మూలం ఈ తేడా. ఒక వస్తువు మీ ఇంట్లో ఉన్నంత మాత్రాన మీది అయిపోదు. దాని మీద హక్కు వదులుకున్నారు అనాలంటే రెండు కలిసి ఉండాలి. ఒకటి, వస్తువును విడిచి వెళ్లడం. రెండు, "ఇక నాకిది వద్దు" అనే ఉద్దేశం. మొదటిది కంటికి కనిపిస్తుంది. రెండోది మనసులో ఉంటుంది కాబట్టి దాన్ని ఆనవాళ్లను బట్టే పోల్చుకోవాలి. గొడవలన్నీ పుట్టేది ఇక్కడే.

తలుపు ఊడి, లోపల అరలు లేక, చెత్తబుట్ట పక్కన నిలబెట్టిన ఫ్రిజ్ ఉందనుకోండి, వదులుకున్నారని అనుకోవడానికి కారణం ఉంది. అదే ఫ్రిజ్‌ను శుభ్రంగా తుడిచి, ప్లగ్ తీసి, తలుపు కొంచెం తెరిచి ఉంచి, పైన దుప్పటి కప్పి వెళ్లారంటే? ఎవరో దాని కోసం తిరిగి వస్తారని అర్థం. వద్దనుకున్న వస్తువు మీద ఎవరూ అంత శ్రద్ధ పెట్టరు. ఏసీ ఉండి రిమోట్ లేకపోయినా అంతే. రిమోట్ పట్టుకెళ్లినవాళ్ల మనసులో ఆ ఏసీ ఇంకా ఉండే ఉంటుంది.

యజమాని వదులుకోని వస్తువు మీ అధీనంలో ఉందంటే మీరు దానికి కాపలాదారు లాంటివారు. చాలా దేశాల చట్టాలు ఏదో ఒక రూపంలో ఇదే మాట అంటాయి. ఇతరుల వస్తువు తన దగ్గర ఉంచుకున్నవాడు, మామూలు వివేకం ఉన్న మనిషి తన సొంత వస్తువును ఎలా చూసుకుంటాడో అలాగే చూసుకోవాలని 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 151వ సెక్షన్ చెబుతుంది. ఇంగ్లండ్‌లో 1977 నాటి చట్టం ఒకటి, ఇలా మిగిలిపోయిన సామానును అమ్మాలంటే యజమానికి ముందుగా ఎలా తెలియజేయాలో వివరంగా నిర్దేశించింది. గడువులు, పద్ధతులు ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి, మీరున్న చోటి నియమం మీరు చూసుకోవాలి. కానీ కింద చెప్పే వరుసలో వెళితే ఎక్కడైనా పెద్దగా తప్పు జరగదు.

1. ముట్టుకోకముందే ఫోటోలు తీయండి

తాళం తీసి లోపలికి వెళ్లగానే చేయాల్సిన మొదటి పని ఇదే. తుడవకండి, జరపకండి, ప్లగ్ పెట్టి పనిచేస్తుందో లేదో చూడకండి. ఉన్నది ఉన్నట్టు, ఉన్నచోటే ఫోటో తీయండి. గది మొత్తం కనిపించేలా ఒకటి, వస్తువుకు నాలుగు వైపులా, గీతలు, సొట్టలు ఉంటే దగ్గరగా. ఒక నిమిషం వీడియో ఇంకా మంచిది. తీసిన వెంటనే దాన్ని ఇంట్లోవాళ్లకు వాట్సాప్‌లో పంపేయండి, తేదీ, సమయం వాటంతటవే ఉండిపోతాయి.

తర్వాత సీరియల్ నంబరు స్టిక్కరు వెతకండి. ఫ్రిజ్‌కు సాధారణంగా లోపల పక్క గోడ మీద, కూరగాయల డబ్బా దగ్గర ఉంటుంది. ముందు నుంచి బట్టలు వేసే వాషింగ్ మెషీన్‌కు తలుపు తెరిస్తే చుట్టూ ఉన్న అంచు మీద, పై నుంచి వేసేదానికి వెనక వైపు. ఏసీకి లోపలి యూనిట్ పక్కనో కిందనో ఒకటి, బయటి యూనిట్‌కు వేరే ఒకటి. టీవీకి వెనక. ఈ నంబర్లు రాసి మీ దగ్గరే ఉంచుకోండి, ఎవరికీ చెప్పకండి. ఎందుకో ఆరో అంచెలో తెలుస్తుంది.

2. ఎవరిదై ఉండొచ్చో ఆలోచించండి

"ఇంకెవరిది, ఖాళీ చేసినవాళ్లదేగా" అనిపిస్తుంది. కాకపోవచ్చు.

ఒకే ఇంట్లో నలుగురు కలిసి ఉండి ఉంటే ఫ్రిజ్ ఒకరిది, మిక్సీ ఇంకొకరిది, వాషింగ్ మెషీన్ నలుగురూ తలా కొంత వేసుకుని కొన్నది కావచ్చు. అగ్రిమెంటు మీద సంతకం ఒక్కరిదే ఉంటుంది. ఆ ఒక్కరూ "అన్నీ మీరే ఉంచుకోండి" అన్నా, మిగతావాళ్ల వస్తువులు ఇచ్చే హక్కు ఆయనకు లేదు. తనది కానిదాన్ని ఎవరూ ఇంకొకరికి ధారాదత్తం చేయలేరు.

అద్దెకున్నవాళ్లది కూడా కాని వస్తువులు కొన్ని ఉంటాయి. గ్యాస్ సిలిండరు చాలాచోట్ల కంపెనీ సొత్తు, వాడుకునేవారు డిపాజిట్ మాత్రమే కడతారు. సెట్‌టాప్ బాక్సు, ఇంటర్నెట్ మోడెమ్ తరచూ ఆ సంస్థలవే ఉంటాయి, తిరిగివ్వకపోతే పాతవాళ్ల ఖాతాలో డబ్బు కోత పడుతుంది. ఇప్పుడు ఫ్రిజ్‌లు, మంచాలు, నీళ్ల ఫిల్టర్లు కూడా నెలవారీ అద్దెకు దొరుకుతున్నాయి. వాటి మీద సంస్థ స్టిక్కరో బార్‌కోడో ఉంటుంది, వెనక వైపు ఒకసారి చూడండి. కిరాయి కొనుగోలు పద్ధతిలో తెచ్చినదైతే చివరి వాయిదా కట్టేదాకా యజమాని అమ్మినవాడే. అలాంటిదాన్ని మీరు ఎవరికైనా అమ్మేస్తే, కొన్నవాడూ చిక్కులో పడతాడు, మీరూ పడతారు.

ఇంకో సంగతి, చెప్పడానికి కష్టంగా ఉన్నా చెప్పాలి. అద్దెకున్న మనిషి చనిపోయి సామాను మిగిలిపోతే అది వారసులది. ముందుగా వచ్చిన బంధువుకో, స్నేహితుడికో తాళం ఇచ్చేసి "మీరే చూసుకోండి" అనకండి. ఆ దుఃఖంలో ఎవరు ఏం తీసుకెళ్లారో ఎవరికీ గుర్తుండదు, ఆరు నెలల తర్వాత నింద మీ మీద పడుతుంది. ఇద్దరు సాక్షుల ముందు జాబితా రాయించి, వారసులెవరో తేలాక వాళ్లకే అప్పగించి సంతకం తీసుకోండి.

3. గోడకు బిగించినవాటి సంగతి

నేలమీద నిలబడ్డ ఫ్రిజ్ విషయంలో ఈ సందేహం లేదు. గీజరు, స్ప్లిట్ ఏసీ, చిమ్నీ, సీలింగ్ ఫ్యాను, వంటగట్టులో ఇమిడిపోయిన స్టవ్వు, వీటితోనే తలనొప్పి. "గోడకు మేకు దిగితే ఇంటిదే" అని చాలామంది నమ్మకం. అది సగమే నిజం.

దీని మీద ఇంగ్లండ్ కోర్టులో 1872లో వచ్చిన ఒక తీర్పును ఇప్పటికీ ఉదహరిస్తారు. మిల్లు నేలకు బిగించిన మగ్గాల గురించిన కేసు అది. బ్లాక్‌బర్న్ అనే న్యాయమూర్తి అందులో రెండు పోలికలు చెప్పారు. పెద్ద ఓడ లంగరును నేలలో ఎంత గట్టిగా దించినా అది నేలలో భాగం అయిపోదు, అది ఓడ కోసం వేసినది. అదే, సున్నం లేకుండా రాయి మీద రాయి పేర్చి కట్టిన గోడ నేలకు అతుక్కుని ఉండకపోయినా ఆ స్థలంలో భాగమే. ఆ రాళ్లనే మేస్త్రీ తన ఆవరణలో వీలు కోసం పేర్చి పెట్టుకుంటే అవి ఉత్త రాళ్లే. అంటే ఎంత గట్టిగా బిగించారు అన్నదొక్కటే కాదు, ఎందుకు బిగించారు అన్నది కూడా చూడాలి. ఇల్లు మెరుగవ్వడానికా, ఆ వస్తువును వాడుకోవడానికా?

మన విషయానికి మరింత దగ్గరి కేసు 1996లో వచ్చింది. వంటగట్టు అరల్లో సరిగ్గా అమరేలా పెట్టిన ఓవెన్, ఫ్రీజరు, వాషింగ్ మెషీన్ లాంటివి ఇంట్లో భాగం కావని, వంటగది అల్మారాలు, సింకు, కుళాయిలు మాత్రం ఇంట్లో భాగమేనని ఇంగ్లండ్ అప్పీలు కోర్టు తేల్చింది. తీగ తీసి, నాలుగు స్క్రూలు విప్పితే ఏ నష్టమూ లేకుండా బయటికి వచ్చేది వస్తువు. తీస్తే గోడో గట్టో పాడయ్యేది ఇల్లు. ఇంట్లో నిలబడి నిర్ణయించుకోవడానికి నాకు ఈ కొలత బాగా పనికొచ్చింది.

అద్దెకున్నవాళ్లు తామే బిగించుకున్నవాటికి ఇంకొంచెం వెసులుబాటు ఉంటుంది. భారతదేశంలో 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం ఏదీ లేకపోతే, అద్దెదారు తాను బిగించినవాటిని ఇల్లు తన స్వాధీనంలో ఉన్నంతవరకూ తీసుకెళ్లొచ్చు, ఇంటిని తీసుకున్నప్పటి స్థితిలోనే అప్పగించాలి. "ఉన్నంతవరకూ" అన్న మాట గమనించండి. గీజరు మీదైతే తాళం ఇచ్చే ముందే విప్పించుకోవాలి. ఇచ్చేశాక అడిగితే, మర్యాద కొద్దీ ఓనరు ఒప్పుకోవాలే తప్ప హక్కుగా అడగడం కష్టం.

4. అడగండి, అదీ రాతలో అడగండి

ఫోన్ చేయండి, తప్పులేదు. కానీ ఫోన్‌లో అనుకున్నది వెంటనే మెసేజ్‌గా కూడా పంపండి. మెసేజ్‌లో ఐదు విషయాలు ఉండాలి. ఏ వస్తువు, ఎక్కడ ఉంది, ఏ తేదీలోగా తీసుకెళ్లాలి, ఏ వేళల్లో రావచ్చు, రాకపోతే మీరేం చేస్తారు. ఇలా రాయొచ్చు:

"నమస్తే అండీ. మీరు ఖాళీ చేసిన ఇంట్లో బూడిద రంగు రెండు తలుపుల ఫ్రిజ్ ఒకటి, గోడకు ఒక గీజరు ఉన్నాయి. ఫోటోలు పంపుతున్నాను. ఇవి మీవేనా, ఇంకెవరివైనానా చెప్పండి. మీవైతే ఫలానా తేదీలోగా, ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు మధ్య ఎప్పుడైనా వచ్చి తీసుకెళ్లండి. అక్కర్లేదనుకుంటే 'నాకు వద్దు, మీ ఇష్టం' అని రాసి పంపండి. ఆ తేదీ దాటితే మరోసారి తెలియజేసి, అమ్మి, ఖర్చులు పోను మిగిలిన డబ్బు మీకు పంపుతాను."

ఇందులో బెదిరింపు లేదు, మొహమాటమూ లేదు. "మీ ఇష్టం" అని తిరిగి వస్తే సగం టెన్షన్ తీరిపోయినట్టే, ఆ ఒక్క మాటతో వదిలి వెళ్లడం వదులుకోవడం అవుతుంది. జవాబు రాకపోతే అదే విషయం ఉత్తరంగా రాసి, వాళ్లిచ్చిన శాశ్వత చిరునామాకు స్పీడ్ పోస్టులో పంపండి, రసీదు దాచండి. అద్దెకు దిగేటప్పుడు హామీగా పేరిచ్చినవాళ్లు ఉంటే వాళ్లకూ ఒక ప్రతి వెళ్లాలి.

గడువు ఎంత ఇవ్వాలి? అమెరికాలోని కాలిఫోర్నియాలో నోటీసు చేతికిస్తే కనీసం 15 రోజులు, పోస్టులో పంపితే 18 రోజులు ఇవ్వాలని చట్టంలోనే ఉంది. ఇంగ్లండ్ 1977 చట్టం కింద ఆ వస్తువు నిమిత్తం మీకు రావాల్సిన బాకీ ఉంటే అమ్మే ముందు కనీసం మూడు నెలల గడువివ్వాలి. మీరున్న చోట స్పష్టమైన అంకె లేకపోతే నెల రోజులు ఇవ్వండి. లారీ మాట్లాడుకోవాలి, మనుషులను పిలుచుకోవాలి, సెలవు పెట్టుకోవాలి. వారంలో తీసుకెళ్లమనడం న్యాయం కాదు.

అద్దె బాకీ పడి వెళ్లినవాళ్ల విషయంలో ఓనర్లకు కోపం రావడం సహజం. "బాకీ తీరేదాకా ఫ్రిజ్ నా దగ్గరే ఉంటుంది" అనేస్తారు. దయచేసి అలా చేయకండి. బాకీ వేరు, వస్తువు వేరు. కోర్టుకు వెళ్లకుండా ఓనరే సామాను జప్తు చేసుకునే పాత హక్కును ఇంగ్లండ్‌లో నివాస గృహాల విషయంలో 2014 ఏప్రిల్‌లో పూర్తిగా తీసేశారు. చాలాచోట్ల ఆలోచన అటే ఉంది. బాకీని అడ్వాన్సులోంచి అగ్రిమెంటు ప్రకారం మినహాయించుకోండి, చాలకపోతే చట్టపరంగా అడగండి. ఫ్రిజ్‌ను పట్టుకుని కూర్చుంటే న్యాయంగా మీకు రావాల్సిన డబ్బు కూడా గొడవలో పడిపోతుంది.

5. గడువు తీరేదాకా జాగ్రత్త పెట్టడం

వస్తువును ఎలాగో ఒకలా మూలకు తోసేస్తే పాడవుతుంది, పాడైతే ఆ నింద మీదే.

ఫ్రిజ్ ముందు. లోపల కుళ్లిపోయే పదార్థాలుంటే ఫోటో తీసి పారేయండి, వాటికోసం ఎవరూ నోటీసు అడగరు. ప్లగ్ తీసి, ఐసంతా కరిగాక పొడి గుడ్డతో తుడిచి, తలుపుకు మధ్యలో చిన్న గుడ్డ మడత పెట్టి అంగుళం సందు వదలండి. మూసేస్తే వారంలోనే బూజు పట్టి, ఆ వాసన రబ్బరు అంచులోకి ఇంకిపోతుంది, తర్వాత ఎంత కడిగినా పోదు. జరపాల్సి వస్తే నిలువుగానే జరపండి. పడుకోబెట్టి తెస్తే కంప్రెసర్‌లోని నూనె గొట్టాల్లోకి పాకుతుంది కాబట్టి, నిలబెట్టాక కొన్ని గంటలు ఆగి ప్లగ్ పెట్టాలి. గొళ్లెం పడే తలుపున్న పాతకాలం ఫ్రిజ్ అయితే తలుపు ఊడదీయండి, లేదా తెరుచుకోకుండా తాళ్లతో గట్టిగా కట్టి గోడ వైపు తిప్పి పెట్టండి. ఆడుకుంటూ అలాంటి ఫ్రిజ్‌లలో దాక్కుని, లోపలి నుంచి తెరవలేక పిల్లలు ఊపిరాడక చనిపోయిన ఘటనలు ఎన్నో జరగబట్టే, తలుపు లోపలి నుంచి కూడా తెరుచుకోవాలని అమెరికా 1956లో ప్రత్యేకంగా చట్టం చేసింది. ఖాళీ ఇంట్లో ఫ్రిజ్ కనిపించగానే నాకు ముందు గుర్తొచ్చేది ఇదే. మీ వాటాల్లో పిల్లలుంటే ఈ పని రేపటికి వాయిదా వేయకండి.

వాషింగ్ మెషీన్‌కు నీళ్ల కుళాయి కట్టేయాలి. ఎవరూ లేని ఇంట్లో ఆ పైపు పగిలితే కింది వాటా దాకా నీళ్లు దిగుతాయి. ముందు నుంచి తెరిచేదానికి కింద మూలన చిన్న మూత ఉంటుంది, దాని కింద పళ్లెం పెట్టి మిగిలిన నీళ్లు వంపేయండి. దూరం తీసుకెళ్లాల్సినదైతే డ్రమ్ము కదలకుండా వెనక బిగించే బోల్టులు ఇంట్లో ఏ అరలోనో ఉండొచ్చు, వెతికి దానితోపాటే ఉంచండి.

గీజరును మెయిన్ బోర్డులోనే ఆపేయండి. నెలలకొద్దీ గోరువెచ్చటి నీళ్లు నిలవ ఉంటే లెజియోనెల్లా లాంటి బ్యాక్టీరియా పెరిగే ప్రమాదం ఉంది, అందుకే ఎక్కువకాలం ఆపితే ఖాళీ చేయించడం మేలు. మళ్లీ మొదలుపెట్టేటప్పుడు నీళ్లు పూర్తిగా నిండాకే స్విచ్ వేయాలి, ఖాళీ ట్యాంకుతో వేస్తే కాయిల్ కాలిపోతుంది. ఇన్వర్టరు బ్యాటరీలో ఆమ్లం ఉంటుంది, వంచకుండా గాలి తగిలే చోట పెట్టండి.

ఏసీని మాత్రం మీరుగా విప్పించకండి. గోడ మీద ఉంటే ఉండనివ్వండి.

6. ఎవరో వచ్చి "అది నాది" అంటే

రంగు, కంపెనీ, ఎన్ని లీటర్లు, ఇవి ఆ ఇంటికి వచ్చిపోయే ఎవరికైనా తెలుస్తాయి. కాబట్టి మీరు వివరాలు చెప్పకుండా వాళ్లనే చెప్పనివ్వండి. బిల్లు, వారంటీ కార్డు, ఆన్‌లైన్‌లో కొన్న ఆర్డరు, సర్వీసుకు వచ్చినప్పటి మెసేజ్, ఇంట్లో ఆ ఫ్రిజ్ పక్కన నిలబడి తీసుకున్న పాత ఫోటో అయినా సరే. బిల్లులో సీరియల్ నంబరు ఉంటే మీరు రాసి దాచుకున్నదానితో పోల్చండి. బిల్లు లేదని తిప్పి పంపేయకండి, ఐదేళ్ల కిందటి బిల్లు ఎంతమంది దాస్తారు? తలుపు లోపల పిల్లలు అంటించిన బొమ్మ ఏదో, ఏ చక్రం విరిగిందో, ఏ బటను నొక్కుకోదో చెప్పగలిగినవాళ్లే దానితో బతికినవాళ్లు.

ఇద్దరు వచ్చి ఇద్దరూ నాదంటే మీరు తీర్పు చెప్పకండి. "మీరిద్దరూ మాట్లాడుకుని, ఒకరికివ్వమని ఇద్దరూ రాసివ్వండి, అంతవరకూ ఎవరికీ ఇవ్వను" అనండి.

ఇచ్చేటప్పుడు ఒక కాగితం. "ఫలానా వస్తువు, ఫలానా సీరియల్ నంబరు, ఈ స్థితిలో, ఈ తేదీన అందుకున్నాను. ఇంకా రావాల్సినవి ఏమీ లేవు." సంతకం, ఫోన్ నంబరు. ఆటోలో ఎక్కించేటప్పుడు ఒక ఫోటో.

7. ఎవరూ రాకపోతే

గడువు దాటాక చివరిసారి మెసేజ్ పెట్టి, ఇంకో వారం ఆగి, అప్పుడు అమ్మండి. కనీసం ఇద్దరి దగ్గర ధర అడిగి, ఆ మాటలు దాచండి. బంధువులకు కారుచౌకగా ఇచ్చేస్తే తర్వాత సమాధానం చెప్పుకోలేరు. అమ్మిన డబ్బులోంచి రవాణా, అమ్మకపు ఖర్చు పోను మిగిలినది పాతవాళ్లది. పంపే దారి లేకపోతే విడిగా ఉంచి, లెక్క రాసిపెట్టండి.

అమ్ముడుపోనంత పాతదైతే పారవేయడంలోనూ ఒక పద్ధతి ఉంది. ఫ్రిజ్, ఏసీ గొట్టాల్లోని గ్యాస్‌ను గాలిలోకి వదలకూడదు. ఏసీల్లో వాడే ఆర్-410ఏ గ్యాస్ వందేళ్ల లెక్కన కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 2,088 రెట్లు వేడిని పట్టి ఉంచుతుంది, కొత్త ఏసీల్లోని ఆర్-32 సుమారు 675 రెట్లు. ఇప్పటి ఫ్రిజ్‌లలో ఎక్కువగా ఉండే ఆర్-600ఏ అయితే మండే గ్యాస్, గొట్టం కోసేటప్పుడు నిప్పురవ్వ పడితే ప్రమాదం. అందుకే కంప్రెసర్ రాగి కోసం అక్కడే సుత్తితో పగలగొట్టేవాళ్లకు కాకుండా, ఈ-వ్యర్థాలు తీసుకునే అనుమతి ఉన్నవాళ్లకే ఇవ్వండి. టీవీ అయితే ఇచ్చే ముందు ఫ్యాక్టరీ రీసెట్ చేయండి, అందులో పాతవాళ్ల అకౌంట్లు తెరిచే ఉండొచ్చు. వాటిలోకి తొంగిచూడకండి.

కొత్తగా దిగుతున్నారా?

"వాడుకోండి" అన్న మాట విన్నప్పుడు వెంటనే ఒక ప్రశ్న అడగండి. "ఇది మీదేనా అండీ, ముందున్నవాళ్లదా?" ఓనరుదే అయితే అగ్రిమెంటులో ఇంటి సామాను జాబితాలో చేర్పించండి, పాడైతే బాగు చేయించేది ఎవరో ఒక వాక్యం రాయించండి. మామూలు వాడకంలో అరిగిపోయినదానికి ఓనరు, మీ చేతులారా పాడైనదానికి మీరు, ఇలా రాసుకుంటే ఇద్దరికీ న్యాయంగా ఉంటుంది. ముందున్నవాళ్లదైతే, వాళ్లు వద్దన్నట్టు రాసిచ్చిన మెసేజ్ చూపించమనండి. అది లేకపోతే వాడకండి, తీయించమని అడగండి. మీరు అద్దె కడుతున్న చోటులో ఇతరుల సామాను కాపాడే పని మీది కాదు.

రాత ఉన్నా సరే, ప్లగ్ పెట్టే ముందు దాని పిన్నులు చూడండి. నల్లబడి ఉన్నా, ప్లాస్టిక్ కరిగి ఉన్నా ఎలక్ట్రీషియన్ చూసేదాకా ఆగండి. మోడల్ నంబరుతో ఆ కంపెనీ వెనక్కి పిలిచిన వస్తువుల్లో అది ఉందేమో వెతకండి. 2017లో లండన్‌లోని గ్రెన్‌ఫెల్ టవర్‌లో 72 మందిని బలితీసుకున్న మంటలు ఒక ఫ్లాట్ వంటగదిలో, ఫ్రిజ్ దగ్గర మొదలయ్యాయని అధికారిక విచారణ తేల్చింది. చరిత్ర తెలియని ఫ్రిజ్‌ను రాత్రంతా నడపబోయే ముందు పది నిమిషాలు కేటాయించడం ఎక్కువేమీ కాదు.

ఖాళీ చేసి వెళ్తున్నారా?

వస్తువు తర్వాత తీసుకెళ్తానంటే ఎప్పుడో రాసి పంపండి. "ఒకటి రెండు నెలల్లో" అనకండి, తేదీ వేయండి. అప్పటిదాకా ఇంకొకరు వాడొచ్చో లేదో కూడా రాయండి. మా పాతాయన ఈ రెండు ముక్కలూ రాసుంటే మోటారు బతికేది.

వదిలేసేదైతే బిల్లు, వారంటీ కార్డు, రిమోట్, పైపులు కూడా వదిలి, "ఇది ఓనరుకు ఇచ్చేశాను" అని స్పష్టంగా చెప్పండి. పాడైపోయినదాన్ని మాత్రం ఇవ్వడం పేరుతో అంటగట్టకండి, పారేసే ఖర్చు అడ్వాన్సులోంచి కోసుకుంటారు. కొత్తగా దిగేవాళ్లకు అమ్మితే ఇద్దరి సంతకాలతో చిన్న రసీదు రాసుకుని, ఒక ఫోటో ఓనరుకు పంపండి, లేకపోతే ఏడాది తర్వాత అది ఇంటిదే అనుకుంటారు.

ఏసీ తీసుకెళ్తుంటే వారం ముందే మెకానిక్‌ను పిలవండి. గ్యాస్‌ను బయటి యూనిట్‌లోకి లాగి వాల్వులు బిగించాకే గొట్టాలు విప్పాలి. తొందరలో ఈ పని మానేసి విప్పితే గ్యాసంతా పోతుంది, కొత్త ఇంట్లో మళ్లీ నింపించాలి. గోడకు పడిన కన్నం సిమెంటుతో పూడ్పించండి. చివరగా ఒక్కో గదిలో నిలబడి వీడియో తీస్తూ, ఉన్నవి పైకి పేర్లు చదవండి: ఈ ఫ్యాను ఇంటిది, ఈ వాషింగ్ మెషీన్ నాది, శనివారం తీసుకెళ్తాను. ఆ వీడియో పంపి, జవాబు వచ్చాక తాళం ఇవ్వండి.